కొబ్బరినీళ్లు తాగిన డబ్బా

దసరానాడు కెమెరాల డబ్బాకు పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, దాని ముందు కొబ్బరికాయ కొట్టినవాడు వెలిమెల మొత్తంలో అంజయ్య ఒక్కడే అయి ఉంటాడు. నవ్వేవాళ్లు నవ్వండి గానీ, ఆయన లెక్క ఆయనకుంది. ముప్పై ఏళ్లు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ మీద పనిచేసిన మనిషి. ఏటా దసరాకు మిషన్‌కు పూజ చేశాడు, పది వేళ్లూ పదిలంగా ఇంటికి తెచ్చుకున్నాడు. రిటైరయ్యాక మిషన్ లేదు కదా అని ఊరుకుంటాడా? మోపెడుకు, బోరు స్టార్టరుకు, మిక్సీకి, గ్యాసు పొయ్యికి వరసగా బొట్లు పెట్టుకుంటూ వచ్చి, దేవుడి అర్రలో పటాల పక్కన చెక్కమీదున్న ఆ డబ్బాకూ పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే డబ్బా చచ్చింది. ఇంటి చుట్టూ ఉన్న నాలుగు కెమెరాలు చూసిందంతా లోపల దాచుకునే డబ్బా అది. నిరుడు పొలంలో బోరు కేబుల్ దొంగలు ఎత్తుకుపోతే, కొడుకు కళ్యాణ్ పట్టుబట్టి పెట్టించాడు. కొత్తగా సున్నం వేసిన గోడలు పగలగొట్టడం ఎందుకని వైర్లు లేని కెమెరాలు తెచ్చాడు. గేటు మీద ఒకటి, వాకిట్లో ఒకటి, మేడమెట్ల దగ్గర ఒకటి, వెనక దొడ్లో ఒకటి.

"డబ్బా మీద కొబ్బరికాయ కొడ్తవా నాయినా? కరెంటు సామానుకు నీళ్లు తాకుతె ఏమైతదో తెల్వదా?" అని కళ్యాణ్ పండుగపూట ఇల్లెగిరిపోయేలా అరిచాడు. అంజయ్య నోట్లో నాలుక లేనివాడు. చిందే ఉంటాయిరా అన్నాడు, తన చెయ్యే అంత అన్నాడు, తల వంచుకుని కూర్చున్నాడు. ఇంట్లో అందరూ నమ్మారు. పాపం, అంజయ్య కూడా నమ్మాడు.

నమ్మనిది ఒక్క రాధమ్మే. ఆయన భార్య. ఎందుకంటే కాయ కొట్టింది కింద గడప మీద. చిందిన చుక్కలు డబ్బాదాకా పోనేలేదు. ఆయన నీళ్లన్నీ చెంబులో పట్టి, అక్కడ పెట్టి, మోపెడు దగ్గరకు పోయాడు. ఆ చెంబు ఎత్తి, డబ్బా నెత్తిమీది సన్నని రంధ్రాల్లోకి బుడబుడా వంచింది రాధమ్మ. లోపల ఏదో తుస్సుమంది. నీలం లైటు ఆరిపోయింది. చెంబు బోర్లించి, కొంగుతో చెక్క తుడిచి, వంటింట్లోకి పోయి పులిహోర కలుపుతూ నిలబడింది.

ఏం పోయేకాలం అంటారా? వినండి మరి.

కోడలు మహిత బొల్లారంలో మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున ఏడున్నరకు కంపెనీ బస్సెక్కితే సాయంత్రం ఐదున్నరకు దిగుతుంది. రెండున్నరేళ్ల మనవరాలు హరిచందన అంతసేపూ రాధమ్మ చేతిలోనే. దసరాకు నాలుగు రోజుల ముందు రాధమ్మ తెల్లవారుజామున లేచి పొలంగట్ల వెంట తిరిగి బతుకమ్మకని తంగేడు, గునుగు పూలు కోసుకొచ్చింది. పొద్దంతా పువ్వులకు రంగులద్దింది. మధ్యాహ్నం పిల్లకు బువ్వ పెట్టి పక్కన పడుకోబెట్టుకుంది. కళ్లు మూతలు పడ్డాయి. గేటు గడియ వేయలేదు.

మెలకువ వచ్చేసరికి వాకిట్లో పైపోర్షన్‌లో కిరాయికుండే నాగవల్లి నిలబడి ఉంది. చంకలో పిల్ల. పిల్ల చేతిలో తంగేడు కొమ్మ. నాగవల్లి మనిషి మనిషిగా లేదు.

"మేడమీద బట్టలు తీస్తున్నానండి పిన్నిగారు. బ్రేకు చప్పుడికి తొంగి చూస్తే రోడ్డు మధ్యలో మన పాప. టిప్పరు ఇంత దూరంలో ఆగింది" అని మోచేతిదాకా చెయ్యి చూపించింది.

మోచెయ్యి. అంతే దూరం. ఇంటి ముందు రోడ్డు మీద కొత్త వెంచర్లకు మట్టి మోసే టిప్పర్లు పొద్దూ మాపూ పోతూనే ఉంటాయి. రాధమ్మ పిల్లను గుండెకు అదుముకుని కూలబడి ఏడ్చింది. ఎవరికీ చెప్పకమ్మా అని నాగవల్లి చేతులు పట్టుకుంది. నాగవల్లి చెప్పలేదు కూడా. కానీ గేటు నెత్తిన ఉన్న కెమెరాకు ఎవరు చేతులు పట్టుకుంటారు? ఆ సంగతే రాధమ్మకు తోచలేదు. సద్దుల బతుకమ్మనాడు రాత్రి అన్నం తింటూ కళ్యాణ్ అన్నాడు: "పాప బతుకమ్మ ఆడింది కెమెరాల మంచిగ పడ్డదే. పండుగ అయినంక కూసొని వారం దినాలది మొత్తం చూసి ఫోన్ల ఎక్కిస్త."

మొత్తం చూస్తాడట. రాధమ్మ కంచంలోనే చెయ్యి కడిగేసింది.

ఆమె భయం తిట్ల గురించి కాదు. కొడుకు అప్పటికే రెండుసార్లు మాట ఎత్తాడు. అమ్మకు వయసైతుంది, పిల్లను తెల్లాపూర్‌లో ఎక్కడన్నా రోజంతా చూసుకునే బడిలో వేద్దామన్నాడు. నువ్వు నా చేతిలో పెరగలేదారా అని రాధమ్మ దెబ్బలాడి ఆపింది. ఇప్పుడు ఆ బొమ్మ చూశాడంటే ఇక మాటే లేదు. పొద్దున లేస్తే నాయనమ్మా అని కొంగు పట్టుకుని తిరిగే పిల్ల, పొద్దున లేస్తే బండెక్కి ఎవరి దగ్గరికో పోతుంది. ఆ పిల్ల లేకపోతే ఆ ఇంట్లో రాధమ్మకు గోడలు తప్ప ఏమున్నాయి? అందుకే చెంబు ఎత్తింది. డబ్బా చస్తే లోపలున్నదీ చస్తుందనుకుంది.

దసరా వెళ్లిన పదోనాడు, మధ్యాహ్నం మూడింటికి, కొత్త డబ్బా పట్టుకుని మధుబాబు వచ్చాడు. రామచంద్రాపురంలో కెమెరాల దుకాణం అతనిది. తండ్రి ఎప్పుడో గోదావరి జిల్లా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అతని మాటలో మాత్రం ఇంకా ఆ యాసే ఉంది. కళ్యాణ్ డ్యూటీలో ఉన్నాడు. మనవరాలిని ఒళ్లో పెట్టుకుని రాధమ్మ హాల్లో చాపమీద కూర్చుంది. అంజయ్య మాత్రం గుమ్మం అవతలే నిలబడ్డాడు, దగ్గరికి రావడానికి జంకుతూ.

మధుబాబు పాత డబ్బా మూత విప్పాడు. లోపల తెల్లగా ఉప్పులాంటిది పేరుకుపోయి ఉంది. చీమలు బారులు తీరి తిరుగుతున్నాయి.

"బాబోయ్, చెంబుడు నీళ్లు దిగినట్టున్నాయండి!" అన్నాడు.

"ఒక్క కాయనే సారూ" అన్నాడు అంజయ్య దోషిలా. "ఎట్లనో చిందినయ్."

"చిందితే ఇంత తడవదండి. ఎవరో పోసినట్టే ఉంది."

రాధమ్మ వేళ్లు పిల్ల జుట్టులో ఆగిపోయాయి. అంజయ్య తన చెయ్యి వైపు ఒకసారి చూసుకున్నాడు. పది రోజులుగా ఆయన మిక్సీ మీట కూడా ముట్టుకోలేదు. చట్నీ చేయమంటే, నా చెయ్యి మంచిది కాదే, నువ్వే తిప్పుకో అన్నాడు. అయినా నోరు విప్పలేదు ఈవిడ. విప్పితే ఎందుకు పోసినవ్ అంటారు. ఎందుకో చెప్పాలి. చెబితే పిల్ల పోతుంది. కక్కలేదు, మింగలేదు.

"ఈ డబ్బా పనికిరాదండి, బోర్డు పూర్తిగా పోయింది" అని మధుబాబు లోపలినుంచి అరచేతంత ఇనుప పెట్టె ఒకటి ఊడదీశాడు. తుడిచాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. మొహం వెలిగింది. "ఇది మాత్రం రాయిలా ఉంది. రికార్డయిందంతా ఉండేది ఈ హార్డ్ డిస్క్‌లోనే. మూత బిగించి ఉంటుంది కదా, నీళ్లు లోపలికి పోలేదు. మీ అదృష్టమమ్మా, పండగ వీడియోలన్నీ భద్రం!"

అదృష్టం! రాధమ్మ చంపింది ఒట్టి డొల్లనన్నమాట. ప్రాణం ఇదిగో, ఇతని చేతిలో ఉంది.

"కెమెరాలన్నీ దింపుకు రావాలి అంకుల్, నిచ్చెన ఉందా?" అన్నాడు మధుబాబు. "ఇవి పాత డబ్బాకు అలవాటు పడ్డాయి. కొత్తది ఎవరో వీటికి తెలీదు. ఒక్కొక్కదాన్ని దగ్గర కూర్చోబెట్టి పరిచయం చేస్తే గానీ మాట్లాడుకోవు."

పెళ్లిచూపుల తంతు అన్నమాట. నాలుగు కెమెరాలనూ దింపుకొచ్చి, చాప అంచున వరసగా నిలబెట్టాడు. కొత్త డబ్బాను టీవీ బల్లమీద పెట్టాడు, దేవుడి అర్రలో మాత్రం వద్దండీ అంటూ. డబ్బా మీట నొక్కడం, కెమెరా వెనకున్న బొడిపె నొక్కడం, ఎదురుచూడడం. కాసేపటికి టీవీ తెర నాలుగు గళ్లయింది. మొదటి గడిలో రాధమ్మ కనిపించింది. ఇంకాసేపటికి రెండో గడిలోనూ రాధమ్మే. మూడులో రాధమ్మ. నాలుగులో రాధమ్మ. ఎదురునుంచి, పక్కనుంచి, కిందనుంచి, ఒళ్లో పిల్లతో, చెమటపట్టిన మొహంతో. జరగబోతే నాలుగు గళ్లలోనూ జరిగింది. హరిచందనకు మాత్రం పండగే. "నానమ్మ! నానమ్మ! ఇంగో నానమ్మ!" అని టీవీ చూపిస్తూ చప్పట్లు కొట్టింది.

మధుబాబు పాత డిస్క్‌ను కొత్త డబ్బాలో పెట్టాడు. తెరమీద ఒక ప్రశ్న వచ్చి నిలబడింది. అతను నాలుక చప్పరించాడు.

"అబ్బే, ఈ కొత్తదానికి పాతదాని రాత చదవడం రావట్లేదు. ఉన్నదంతా చెరిపెయ్యనా అని అడుగుతోంది. అవునంటే డిస్క్ ఖాళీ అయిపోయి కొత్తగా మొదలవుతుంది."

"అవునను బాబూ!" అంది రాధమ్మ. మాట ఎంత తొందరగా వచ్చిందంటే తనకే భయమేసింది. "అంటే... పాతది ఎందుకు, జల్దీ అయిపోతది గదా అని."

"సార్‌ని అడక్కుండా ఎలాగమ్మా?" అని అతను కళ్యాణ్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అడక్కపోతే అతని సొమ్మేం పోయింది? మంచివాళ్లతో ఇదే చిక్కు.

"అన్నా, చెరపకు!" అని వినిపించింది కొడుకు గొంతు, వెనక మిషన్ల మోతతో. "పాప బతుకమ్మ ఉంది అండ్ల. డిస్క్ నీతోని తీస్కపో. రేపు నాకు సెలవు. దుకాణం కాడికొచ్చి నీ కంప్యూటర్ల కూసొని మొత్తం చూసుకుంట."

"రేపు పదింటికి రండి సార్" అన్నాడు మధుబాబు. ఫోన్ పెట్టేసి, "ముందు కెమెరాలు పైన బిగించేసి వస్తా. ఆ తెర అలాగే ఉండనివ్వండి, వచ్చి డిస్క్ తీస్తాను" అంటూ లేచాడు. అంజయ్య నిచ్చెన పట్టుకోవడానికి వెంట పోయాడు.

రేపు పదింటికి. రాధమ్మ గోడ గడియారం చూసింది, తెర చూసింది. చదువు రాదు. ఏది అవును, ఏది కాదు, ఆమెకు తెలీదు. తెలిస్తే అప్పుడే నొక్కేసేది. డిస్క్‌ను పెరికి బావిలో వేద్దామా అనుకుంది. వాకిట్లో ఇద్దరు మగవాళ్లున్నారు, ఎక్కడికని పోతుంది? పిల్లను తీసుకుని చెల్లెలింటికి పోదామా? పోతే మాత్రం రేపు పది గంటలు కాకుండా ఉంటాయా? కుడితిలో పడ్డ ఎలుకలా లోపల గిలగిల్లాడింది.

గేటు చప్పుడైంది. మహిత. బస్సు దిగి వచ్చింది, భుజాన సంచీతో. "కొత్తది వెట్టిండా అత్తమ్మా?" అంటూ లోపలికి వచ్చి, అత్త మొహం చూసి ఆగిపోయింది.

రాధమ్మ ఆమె చెయ్యి పట్టి వంటింట్లోకి లాక్కుపోయింది. అక్కడ కెమెరా లేదు. అయినా గొంతు తగ్గించింది.

"బిడ్డా, నీ కాళ్లు మొక్కుత. నేనొక తప్పు చేసిన. పండుగ ముందట ఒకనాడు... నేను పండుకున్న. గేటుకు గడియ పెట్టలె. పాప..." అని, ఆ పైన మాట రాక మోచెయ్యి చూపించింది. నాగవల్లి చూపించినట్టే.

మహిత సంచీ దింపి, ఫోన్ తీసి, ఏదో వెతికి అత్త ముందు పెట్టింది. గేటు. రోడ్డు. పసుపుగౌనులో పిల్ల. టిప్పరు ముందు చక్రం.

"గేటు కెమెరాల ఎవరన్న కదిలితే నా ఫోన్‌కు బొమ్మ వస్తది అత్తమ్మా. కుక్కలు తిరిగినా వస్తదని ఆయన తన ఫోన్ల బందు చేసిండు. నేను చెయ్యలె, పాప ఉన్నదని. ల్యాబుల ఫోన్ పట్టుకోనియ్యరు. ఒకటిన్నరకు తిండానికి పోయి లాకర్ తెరిస్తే ఇది వచ్చి ఉన్నది. కిందనే ఇంకోటి, నాగవల్లక్క ఎత్తుకున్నది."

"నీకు... ఆనాడే తెల్సా?"

"తెల్సు." మహిత ఫోన్ బోర్లించి పెట్టింది. "మస్తు కోపమొచ్చింది మీ మీద. దాచుకునుడు ఎందుకు, బస్సుల వచ్చుకుంట పాపను తీస్కొని సంగారెడ్డి మా అమ్మోళ్లింటికి పోదామనుకున్న. వచ్చి చూస్తే మీరు పాప పక్కన పండుకొని ఉన్నరు, కండ్లు వాచి. మీ కొంగు పాప కాలికి కట్టుకున్నరు. ఏడు ముళ్లేసిన్రు అత్తమ్మా. నేను లెక్కవెట్టిన."

రాధమ్మ నోరు తెరుచుకుని చూసింది. ఆనాటినుంచీ రోజూ కడుతూనే ఉంది ఆ ముళ్లు. ఎవరూ చూడలేదనుకుంది.

"మరి కళ్యాణ్‌కు ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే మిమ్మల్ని రెండు మాటలంటడు, గంతే. నన్ను కొలువు మాన్పిస్తడు. పిల్లను పట్టించుకోని కొలువెందుకంటడు. ఇగ నేను ఈ నాలుగు గోడల నడుమనే." మహిత కళ్లు తుడుచుకుంది. "మీరేడ మనసాగక ఆయనకు చెప్పేస్తరో అని ఈ పదిహేను దినాలు నేనే పరేషానైన."

ఒకే కప్పు కింద, ఒకే మగవాడికి భయపడి, ఒకే సంగతిని ఇద్దరాడవాళ్లు ఒకరినుంచి ఒకరు దాచుకున్నారు. ఒకే గిన్నెలోంచి పచ్చడి వేసుకు తిన్నారు. రాధమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వచ్చినంతసేపు పట్టలేదు, డిస్క్ గుర్తుకొచ్చింది. ప్రశ్న సంగతి, రేపు పది గంటల సంగతి గబగబా చెప్పేసింది.

మహిత హాల్లోకి పోయింది. తెరముందు నిలబడి మౌస్ అందుకుంది. బాణం గుర్తు అవును మీదకు పోయి ఆగింది.

"పాప బతుకమ్మ కూడ ఉన్నది గదా అండ్ల" అంది మెల్లగా. "మొదటిసారి ఆడింది. నేను ఆ పొద్దు షిఫ్టుల ఇరుక్కొని లేటుగొచ్చిన. ఇంక చూడనేలేదు."

రాధమ్మ చెయ్యి చాచి కోడలి భుజం మీద వేసింది. వద్దు అనలేదు, కానియ్ అనలేదు. ఏదన్నా అనే మొహం తనకెక్కడుంది?

మహిత నొక్కింది.

మధుబాబు లోపలికొచ్చి తెర చూసి అదిరిపడ్డాడు. "అయ్యో మేడమ్! సార్ వద్దన్నారు కదా!"

"నేనే నొక్కిన. తెల్వక" అంది మహిత. రోజూ ల్యాబులో లక్షల ఖరీదు మిషన్లు నడిపే మనిషికి అవునూ కాదూ తెలీలేదంటే మధుబాబు నమ్మాడో లేదో. అత్తాకోడళ్ల మొహాలు ఒకసారి చూసి, "పోన్లెండి, ఇప్పటినుంచి కొత్తగా రికార్డవుతుంది" అని స్క్రూలు ఏరుకుని వెళ్లిపోయాడు.

ఏడింటికి కళ్యాణ్ వచ్చాడు. సంగతి విని సోఫాలో కూలబడ్డాడు. ఒక్క డాన్స్, ఒక్కటంటే ఒక్కటి దాచుకుందామంటే అది కూడా మిగల్చలేదని మహిత మీద గులిగాడు. ఎదురు చెప్పనివాళ్ల మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది? అది తిరిగి తిరిగి గుమ్మం దగ్గర కూర్చున్న తండ్రి మీదకు పోయింది.

"అసలు ఇదంత నీ కొబ్బరికాయతోనే నాయినా! ఏండ్లేండ్లు మిషన్ల మీద చేసినవ్, ఆ మాత్రం తెల్వదా? ఇగ ఈ ఇంట్ల ఏ సామాను ముట్టకు. చెయ్యి పెట్టకు."

అంజయ్య సరేనన్నట్టు తలూపాడు. రెండు చేతులూ తెచ్చి మోకాళ్ల కింద దాచుకున్నాడు. ముప్పై ఏళ్లు ప్రెస్ మిషన్ కింద పెట్టి క్షేమంగా తీసుకున్న చేతులు.

రాధమ్మ చూడలేకపోయింది. ఇక చాలు అనిపించింది, ఏమైతే అదవుతుంది. లేచి నిలబడింది. అవతల మహిత ఊపిరి బిగబట్టి చూస్తోంది. మహిత కొలువు ఒకవైపు, ఈయన చేతులు ఒకవైపు.

"ఆయన గాదురా. నేను" అంది. "చెంబుల నీళ్లుండె. డబ్బా మీది దుమ్ము తుడుద్దామని ఎత్తిన, చెయ్యి జారింది. అంత అండ్ల పడ్డది. నువ్వు తిడ్తవని చెప్పలె."

అంజయ్య తల ఎత్తాడు. "నేను గాదా?" అన్నాడు. మళ్లీ, "నేను గాదా రాధమ్మా?" అన్నాడు. మోకాళ్ల కిందినుంచి చేతులు బయటికొచ్చాయి. మొహంలో కోపం వెతికినా లేదు.

కళ్యాణ్‌కు మాత్రం ఉంది. "పది దినాలు నాయినను తిట్టిస్తివా? చెంబు పట్టుకోరాదు నీకు. గీ చేతులల్లనా, చిన్నపిల్లను పెట్టి మేము పొద్దంత కొలువులకు పోతున్నం?"

అదీ మాట. ఏ మాట వినకూడదని చెంబు ఎత్తిందో, పదిరోజులు నరకం పడిందో, ఆ మాట. రాధమ్మ చేతులు రెండూ పక్కన వేలాడేసుకుని నిలబడింది. బల్లమీద కొత్త డబ్బా నీలం లైటు వెలుగుతోంది.

మహిత సోఫా చుట్టూ తిరిగి వచ్చింది. చంకలో హరిచందన నిద్రకు జోగుతోంది. భర్త చూస్తుండగా పిల్లను అత్త చేతుల్లో పెట్టింది.

"పాప అత్తమ్మ దగ్గర్నే ఉంటది."

"నీకేం తెల్సే, రేపు ఏదన్న అయితే?"

"నాకు తెల్సు" అంది మహిత, అత్త కళ్లలోకి చూస్తూ.

పిల్ల నిద్రలోనే నాయనమ్మ కొంగు వెతికి పట్టుకుంది. రాధమ్మ ఇంకో చేత్తో ఆ కొంగు చివర పట్టుకుంది.